పంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు



ఆరోగ్య పత్రికలో కంప్యూటర్ల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. బి.పి. గురించి, షుగరు గురించి, బాలింతల ఆహారం గురించి రాయవలసిన చోట విండోస్, లినక్స్ అనే మాటలు కనిపిస్తే వింతగానే ఉంటుంది. కానీ ఓ.పి. గది ముందు బల్ల మీద ఒక గంట కూర్చున్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. లోపల డాక్టరు గారు "పాత రిపోర్టులు తెచ్చారా?" అని అడుగుతారు. పేషెంటుతో వచ్చిన కొడుకో కూతురో ఫోనులో వెతుకుతారు, ఇంటికి ఫోన్ చేస్తారు, చివరికి "కంప్యూటర్లో పెట్టామండీ, రేపు తెస్తాం" అంటారు. ఆ రేపు వచ్చేసరికి రిపోర్టు ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు.

దొరక్కపోతే ఏమవుతుందో ముందు చెప్పాలి. గుండెలో నొప్పి అని వచ్చిన మనిషి ఈ.సి.జి.లో ఒక తేడా కనిపించిందనుకోండి. అది ఈ రోజు వచ్చినదా, లేక పదేళ్లుగా ఉన్నదా? పాత ఈ.సి.జి. పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అది లేకపోతే కొత్తదనే అనుకుని వైద్యం మొదలుపెట్టవలసి రావచ్చు. రక్తంలో క్రియాటినిన్ 1.8 అని వచ్చింది. పోయిన సంవత్సరం 1.7 ఉన్నవారికి దాని అర్థం ఒకటి, 0.9 ఉన్నవారికి దాని అర్థం పూర్తిగా వేరు. ఛాతీ ఎక్స్‌రేలో ఒక మచ్చ ఉంది. ఎప్పుడో మానిపోయిన క్షయ తాలూకు మచ్చా, కొత్తదా అన్నది పాత ఫిలిము చెప్పినంత తేలికగా మరేదీ చెప్పదు. ఏ మందు పడదో, ఆపరేషన్‌లో ఏ ఇబ్బంది వచ్చిందో పాత డిశ్చార్జి సమ్మరీలోనే ఉంటుంది.

"అవన్నీ ఆసుపత్రిలో ఉంటాయి కదా" అనేవారున్నారు. 2002లో వచ్చిన వైద్య మండలి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగుల రికార్డులను వైద్యం మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాలు ఉంచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇది మన హక్కు, తెలుసుకోవలసిందే. కానీ 3 సంవత్సరాలన్న మాటను కూడా గమనించండి. మీ నాన్నగారి బైపాస్ ఆపరేషన్ పన్నెండేళ్ల నాటిది అయితే, ఆ కాగితాలకు అసలైన కాపలాదారు ఆసుపత్రి కాదు, మీరే.

చాలా కుటుంబాలు ఈ కాపలా ఉద్యోగాన్ని ఇంట్లో కంప్యూటరుకు అప్పజెప్పాయి. నేను రాయాలనుకున్నది ఆ కంప్యూటరు గురించే.

ఒకే ఇంట్లో రెండు భాషలు

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, టి.పి.ఎం. 2.0 అనే భాగం ఉండాలి, ప్రాసెసరు కూడా కొత్తది అయి ఉండాలి. దాంతో ఏం జరుగుతోంది? హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే అబ్బాయి సెలవులకు వచ్చి, "నాన్నా, ఈ పాత మిషన్ పారేయొద్దు, దీనికి లినక్స్ వేస్తాను" అని ఉబుంటునో మింటునో వేసి వెళ్తున్నాడు. కొత్త లాప్‌టాప్ విండోస్‌తో వస్తోంది. సంఘ ఆఫీసుల్లోనూ ఇదే తీరు. ఎవరో దానంగా ఇచ్చిన పాత కంప్యూటరు మీద లినక్స్, పాస్టరు గారి లాప్‌టాప్ మీద విండోస్.

ఇందులో తప్పేమీ లేదు. నిజానికి నా దృష్టిలో ఇది మంచి పనే. పనిచేసే యంత్రాన్ని చెత్తకుప్పలో వేయడం కంటే లినక్స్ వేసి పదేళ్లు వాడుకోవడం మేలు, డబ్బూ మిగులుతుంది. చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. అబ్బాయి వెళ్లేముందు రెండు కంప్యూటర్ల మధ్య ఒక షేర్డ్ ఫోల్డరు పెడతాడు. ఇక్కడ పెట్టింది అక్కడ కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. "రెండు కంప్యూటర్లలోనూ ఉంది, ఇంక భయం లేదు" అంటారు.

అక్కడే నాకు అభ్యంతరం. షేర్డ్ ఫోల్డరు అంటే ఒకే గదికి రెండు తలుపులు. గది ఒక్కటే. ఏ తలుపు గుండా వచ్చి సామాను తీసేసినా గది ఖాళీ. మనవడు ఆటల కోసం చోటు చాలక లినక్స్ కంప్యూటరులో కూర్చుని "నాన్నమ్మ స్కానులు" అన్న ఫోల్డరు కొట్టేస్తే, విండోస్ వైపు నుంచి చూసినా అది ఉండదు. చాలాసార్లు రీసైకిల్ బిన్‌లో కూడా ఉండదు, ఎందుకంటే నెట్‌వర్క్ మీదుగా కొట్టేసినవి మామూలుగా అందులో పడవు.

రెండు చోట్లా ఒకేలా ఉండేట్టు చూసే సింకింగ్ సాఫ్ట్‌వేరు కూడా ఇలాంటిదే. ఇంటర్నెట్‌లో దాచే సేవల్లో కొన్ని చెరిపినవాటిని ఒక నెలపాటు చెత్తబుట్టలో ఉంచుతాయి, అది కొంత నయం. కానీ ఫైలు పోయిన సంగతి మనకు తెలిసేది ఆర్నెల్ల తర్వాత, డాక్టరు గారు అడిగిన రోజున.

తలుపు గురించి కొంచెం

విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఎస్.ఎం.బి. అనే పద్ధతి వాడతాయి. లినక్స్‌కు ఆ భాష రావడానికి కారణం సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు. 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిజెల్, కంప్యూటర్ల మధ్య తీగలో వచ్చిపోయే సందేశాలను గమనిస్తూ ఆ పద్ధతిని అర్థం చేసుకుని, దీనికి పునాది వేశాడు. ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువులో వెతికితే సాంబా దొరికిందట. మన సాంబయ్య గారికి దీంతో సంబంధం లేదు! ఈయనే 1996లో పాల్ మెకరస్‌తో కలిసి ఆర్‌సింక్ అనే మరో పనిముట్టు చేశాడు. మారిన ముక్కలను మాత్రమే పంపే ఆ తెలివైన పద్ధతితోనే లినక్స్‌లో చాలామంది ఈనాటికీ బ్యాకప్ తీసుకుంటున్నారు. అంటే పంచుకునే సాధనం, దాచుకునే సాధనం రెండింటి వెనుకా ఒకే మనిషి ఉన్నాడు. ఆయన రెండూ ఒకటే అనుకోలేదని గమనించండి, రెండు పనులకు రెండు పనిముట్లు చేశాడు.

ఇప్పుడు 2017 మే 12 సంగతి చెప్పుకోవాలి. వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ఆ రోజు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు కడితే తాళం తీస్తామని తెర మీద రాసింది. అది ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఏ దారిన వెళ్లింది? మనం చెప్పుకున్న ఎస్.ఎం.బి. తలుపు గుండానే, అందులోనూ పాత మొదటి రకం తలుపులో ఉన్న కన్నం గుండా. ఇంగ్లండులో 236 ఎన్.హెచ్.ఎస్. ఆసుపత్రి ట్రస్టులలో కనీసం 80 దెబ్బతిన్నాయి. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా అది సోకింది. ఆ కన్నం మూసే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారు దెబ్బతిన్నారు.

లినక్స్ వాడేవారు ఇది చదివి నవ్వుకోనక్కరలేదు. అదే నెల 24న సాంబాలో కూడా ఒక పెద్ద లోపం బయటపడింది, దానికి సవరణ వచ్చింది. ఆ లోపం 2010 నుంచి ఉన్నదే. "లినక్స్‌కు వైరస్ రాదు" అన్న మాట ఇళ్లలో మంత్రంలా తిరుగుతోంది. వైరస్‌లు తక్కువన్నది నిజమే. కానీ విండోస్ కంప్యూటరుకు జబ్బు చేసినప్పుడు, రాయడానికి అనుమతి ఉన్న షేర్డ్ ఫోల్డరు లినక్స్ కంప్యూటరులో ఉన్నా సరే, ఆ జబ్బు అందులోని ఫైళ్లకు తాళం వేయగలదు. అంటురోగం వచ్చిన ఇంట్లో ఆరోగ్యవంతుడు ఒకే కంచంలో తింటున్నట్టు.

మన దేశంలోనే ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్లపై ఇలాంటి దాడి జరిగింది. ఓ.పి. రిజిస్ట్రేషన్, అడ్మిషన్, ల్యాబు రిపోర్టులు అన్నీ చేతిరాతకు వచ్చేశాయి. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అయితే అదే జవాబులో ఇంకో వాక్యం ఉంది, నాకు ముఖ్యమనిపించింది అది. దెబ్బతినకుండా మిగిలిన ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఈ-హాస్పిటల్ సమాచారమంతా తిరిగి తెచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత చాలావరకు పనులు మళ్లీ కంప్యూటరు మీద మొదలయ్యాయి. రెండు వారాలు కష్టపడ్డారు, కానీ రికార్డులు మిగిలాయి. ఆ బ్యాకప్‌కు కూడా తాళం పడి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

అంత పెద్ద ఆసుపత్రికి పనికొచ్చిన సూత్రమే మన ఇంటికీ పనికొస్తుంది. దాచిన ప్రతి, వాడుకునే ప్రతికి అందకుండా ఉండాలి. ఇంటి వరకు దీని అర్థం చాలా చిన్నది: ఒక బయటి హార్డ్ డిస్క్ కొనండి, నెలకొకసారి తగిలించి కాపీ తీయండి, వెంటనే ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌ను నేను బ్యాకప్ అనను. పిడుగు పడినా, వైరస్ వచ్చినా, రెండూ కలిసే పోతాయి.

రెండో ప్రతి ఇంకో ఇంట్లో ఉంటే మంచిది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా ఊపిందో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చూసినవారికి దీని కారణం వివరించనక్కరలేదు. బీరువాలో అడుగు అరలో ఉన్న డిస్క్‌కు ఈత రాదు. అక్కగారి ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో ఒకటి ఉంచండి. పండుగకు కలిసినప్పుడు మార్చుకోండి.

డిస్క్ దగ్గర వచ్చే చిక్కులు

ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే మంచి మనసుతో బ్యాకప్ తీసినవారు కూడా ఇక్కడే నష్టపోతున్నారు.

లినక్స్ తన డిస్క్‌లను మామూలుగా ఈ.ఎక్స్.టి.4 అనే పద్ధతిలో సర్దుకుంటుంది. విండోస్‌కు తనంతట తాను దాన్ని చదవడం రాదు. అలాంటి డిస్క్‌ను విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద, ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. డిస్క్ పాడైందేమో అనుకుని పెద్దవాళ్లు ఆ బటన్ నొక్కేస్తారు. ఆ నొక్కుడుతో అమ్మగారి పదిహేనేళ్ల రిపోర్టులు పోవచ్చు. ఈ ప్రశ్న ఎక్కడ కనిపించినా వద్దు అనే చెప్పాలని ఇంట్లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ నేర్పండి. పొరపాటున నొక్కితే ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి.

రెండు వైపులా పనిచేసే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్. 2019 చివర్లో వచ్చిన లినక్స్ 5.4 నుంచి దానికి నేరుగా మద్దతు ఉంది. విండోస్‌కు అది ఎప్పటినుంచో తెలుసు. పాత ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లు కూడా రెండు చోట్లా నడుస్తాయి గానీ, 4 జి.బి. దాటిన ఫైలు వాటిలో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది, కాపీ అవుతుండగా లాగేస్తే తట్టుకోలేదు. అందుకని సేఫ్లీ రిమూవ్ అని చెప్పాకే తీయండి. విండోస్ సొంత పద్ధతి అయిన ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్క్‌లను కూడా లినక్స్ చదువుతుంది, రాస్తుంది. కానీ ఒకే కంప్యూటరులో రెండూ వేసుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అన్నది ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ భాగంలో రాయడానికి ఒప్పుకోదు. లినక్స్ పాడైందని గాభరాపడకండి, విండోస్‌లో ఆ సదుపాయాన్ని ఆపేస్తే సరిపోతుంది.

ఇక పేర్ల సంగతి. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు వంటివి కుదరవు. లినక్స్‌లో కుదురుతాయి. లినక్స్‌లో ఎవరైనా "స్కాన్ 10:30" అని పేరు పెడితే అది విండోస్‌కు కాపీ కావడానికి మొరాయిస్తుంది. దీనికి ఎదురుగా, అచ్చంగా మన తెలుగువారికే ఎక్కువగా తగిలే చిక్కు ఒకటుంది. లినక్స్‌లో ఫైలు పేరుకు 255 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తీసుకుంటే, తెలుగులో ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క గుణింతపు గుర్తు, ఒక్కొక్క పొల్లు మూడేసి బైట్లు తీసుకుంటాయి. అంటే గుర్తులన్నీ కలిపి 85 దాటితే లినక్స్ ఒప్పుకోదు. విండోస్ మాత్రం 255 గుర్తుల దాకా ఒప్పుకుంటుంది. "నాన్నగారి గుండె ఆపరేషన్ తర్వాత మూడో నెల చెకప్‌లో డాక్టరు గారు రాసిన మందుల చీటీ మరియు రక్త పరీక్షలు" అని ప్రేమతో పెట్టిన పేరు విండోస్‌లో చక్కగా ఉంటుంది, లినక్స్ డిస్క్ మీదికి వెళ్లేటప్పుడు ఆ ఒక్క ఫైలే వెనక ఉండిపోతుంది. వందల ఫైళ్ల మధ్య ఆ ఒక్క ఎర్రర్‌ను ఎవరు చదువుతారు? పేరు పొట్టిగా పెట్టండి. సంవత్సరం, నెల, తేదీ ముందు రాసి, ఎవరిదో, ఏమిటో రెండు మాటల్లో రాస్తే చాలు. అలా రాస్తే తేదీల వరుసలో అవే సర్దుకుంటాయి కూడా.

తెలుగు అన్నాం కాబట్టి ఇంకొకటి. పాత రోజుల్లో అను వంటి ఫాంట్లతో టైపు చేసిన ఫైళ్లు మీ దగ్గర ఉండవచ్చు. వాటిలో ఉన్నది నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతల్లాంటి ఇంగ్లీషు వస్తుంది. సంఘ ఆఫీసుల్లో పాటల పుస్తకాలు, సమాధుల రిజిస్టర్లు, ఆరోగ్య శిబిరాల జాబితాలు ఇలా ఎన్నో చిక్కుబడి ఉన్నాయి. ఆ ఫాంటు పనిచేసే పాత కంప్యూటరు బతికి ఉండగానే వాటిని పి.డి.ఎఫ్. చేసుకోండి, వీలైతే యూనికోడ్‌లోకి మార్పించండి. యూనికోడ్‌లో టైపు చేసినది విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకే తెలుగుగా కనిపిస్తుంది.

స్కాన్ సి.డి.ల గురించి చాలామంది అడుగుతుంటారు. ఎం.ఆర్.ఐ., సి.టి. తీసినచోట ఇచ్చే సి.డి.లో బొమ్మలతోపాటు వాటిని చూపించే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది ఎక్కువగా విండోస్‌కు రాసినదే. లినక్స్‌లో నడవకపోతే సి.డి. పాడైందని పారేస్తున్నారు. పారేయకండి. అసలు బొమ్మలు డైకామ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఉంటాయి. వీసిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు రెండింటిలోనూ పనిచేస్తుంది, దాంతో తెరవవచ్చు. సి.డి. మొత్తాన్ని, ఏ ఫోల్డరూ వదలకుండా, డిస్క్‌లోకి ఎక్కించుకోండి. కొత్త లాప్‌టాప్‌లకు సి.డి. పెట్టే చోటే ఉండడం లేదు, ఇంట్లో రాసిన రకం సి.డి.లు ఏళ్లు గడిస్తే చదవలేని స్థితికి వస్తాయి. ఈ.సి.జి. కాగితం కూడా అంతే. వేడికి రంగు మారే ఆ కాగితం మీద గీత కొన్నేళ్లకు వెలిసిపోతుంది. వచ్చిన వారంలోనే స్కాన్ చేయండి, లేదా జిరాక్స్ తీయించండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపుకుంటే అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపండి.

అందరికీ తెరిచిన తలుపు

ఇది రాయడానికి కొంచెం మొహమాటంగా ఉంది గానీ రాయాలి. కొన్ని సంఘ ఆఫీసుల్లో షేర్డ్ ఫోల్డరు ఎవరైనా, పాస్‌వర్డ్ లేకుండా తెరవగలిగేలా ఉంటుంది. అందులో పాటల ఫైళ్లతోపాటు ప్రార్థన మనవుల జాబితా, వైద్య సహాయం కోరిన కుటుంబాల దరఖాస్తులు, వాటికి జతచేసిన రిపోర్టులు ఉంటాయి. ఫలానా వారి అమ్మాయికి ఏ జబ్బో, ఫలానా సహోదరుడు ఏ మందులు వాడుతున్నాడో వైఫై తెలిసిన ప్రతివారికీ కనబడుతుంది. జబ్బు గురించి ప్రార్థించమని చెప్పినవారు, దాన్ని కంప్యూటర్లో అందరికీ చూపించమని చెప్పలేదు. హెచ్.ఐ.వి. విషయంలో అయితే ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న చట్టం, అటువంటి సమాచారం ఉంచుకునే సంస్థలు దానిని కాపాడే ఏర్పాట్లు చేయాలని చెబుతోంది.

2024లో వచ్చిన విండోస్ 11 విడతలో, ప్రో వంటి రకాల్లో, పాస్‌వర్డ్ లేని షేర్డ్ ఫోల్డర్లను తెరవడానికి ఒప్పుకోకుండా మార్పు చేశారు. "కొత్త కంప్యూటరు వచ్చాక లినక్స్ ఫోల్డరు తెరుచుకోవడం లేదు" అని చాలామంది విసుక్కోవడానికి ఇదొక కారణం. కొందరు ఆ రక్షణనే ఆపేసి చేతులు దులుపుకుంటున్నారు. నేను దానికి వ్యతిరేకం. ఆ విసుగు మన మంచికే వచ్చింది. సాంబాలో ఒక్కొక్కరికి పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. లినక్స్‌లో లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు, రెండోదాన్ని విడిగా పెట్టాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. చూడవలసినవారికి చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. రాసే అనుమతి ఒకరిద్దరికి చాలు. ఇలా చేస్తే వైరస్ వచ్చినప్పుడు జరిగే నష్టం కూడా తగ్గుతుంది. పాత ప్రింటరు కోసమో పాత స్కానరు కోసమో మొదటి రకం ఎస్.ఎం.బి.ని మళ్లీ ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ స్కానరునే పెన్ డ్రైవ్‌తో వాడుకోండి.

మరి బ్యాకప్ డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టాలా? ఆఫీసులో ఉన్నదానికి తప్పక పెట్టాలి. వెరాక్రిప్ట్ రెండు వైపులా పనిచేస్తుంది. ఇంట్లో మాత్రం నా అభిప్రాయం వేరు. కుటుంబాల్లో దొంగ ఎత్తుకుపోయిన డిస్క్‌ల కంటే, పాస్‌వర్డ్ మరచిపోయి పనికిరాకుండా పోయిన డిస్క్‌లే ఎక్కువగా ఉంటాయని నా అనుమానం. పాస్‌వర్డ్ తెలిసిన మనిషే జబ్బుపడి ఐ.సి.యు.లో ఉంటే, ఆ రోజు అవసరమైన రిపోర్టు ఎవరు తీస్తారు? అందుకని ఇంటి డిస్క్‌కు బీరువా తాళం చాలనుకుంటాను. నాతో ఏకీభవించని కంప్యూటరు నిపుణులు ఉంటారు, ఉండనివ్వండి.

ఏ సాఫ్ట్‌వేరుతో తీయాలన్నది అంత పెద్ద విషయం కాదు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఉంది, లినక్స్‌లో డేజా డూప్ ఉంది. అయితే ఇవి తమ పద్ధతిలో దాచినదాన్ని రెండో రకం కంప్యూటరులో తీయడం సులువు కాదు. వైద్య రికార్డుల వరకు మామూలుగా ఫోల్డరును కాపీ చేసి, ఆ కాపీకి తేదీ పేరు పెట్టడమే మేలు. పోయిన నెల కాపీని వెంటనే చెరపకండి, కనీసం మూడు పాతవి ఉంచండి. ఆర్‌సింక్ వాడేవారు, మూలంలో చెరిపినది కాపీలోనూ చెరిపే ఎంపికతో వాడకండి. వాడితే అది అద్దంలా మారి, ఇక్కడ పోయినది అక్కడా పోతుంది. లినక్స్‌లో టైమ్‌షిఫ్ట్ అనేది ఆపరేటింగ్ సిస్టంను కాపాడటానికి చేసినది, మామూలు అమరికలో మీ సొంత ఫైళ్లను అది ముట్టుకోదు. దాన్ని నమ్ముకుని రిపోర్టులు భద్రమనుకునేవారికి ఇది కొత్త సంగతి కావచ్చు.

తీసిన కాపీని పరీక్షించండి. డిస్క్‌ను రెండో రకం కంప్యూటరుకు తగిలించి, ఒక పాత డిశ్చార్జి సమ్మరీ, ఒక ఎక్స్‌రే తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. సంవత్సరంలో రెండుసార్లు చేస్తే చాలు, పావుగంట పని.

ఆఖరి డిశ్చార్జి సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల పట్టిక, పడని మందుల పేర్లు, ఆఖరి ఈ.సి.జి. మాత్రం కాగితం మీద కూడా ఉండాలి. కరెంటు లేనప్పుడు కాగితం పనిచేస్తుంది. వీటిని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆసుపత్రికి వచ్చేటప్పుడు తీసుకురండి. డిస్క్ ఎక్కడుందో, రెండోది ఎవరి ఇంట్లో ఉందో, ఆఖరిసారి ఎప్పుడు కాపీ తీశారో ఒక చీటీ మీద రాసి అదే కవరులో పెట్టండి. అమ్మగారికి కూడా అర్థమయ్యేలా, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి.